పూయని హోయా: ఫిలిప్పీన్స్ అడవి తీగ బాల్కనీలో ఎందుకు మొండికేస్తుంది?

క్లుప్తంగా: హోయా పెంచేవాళ్ల ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకే తీరులో ఉంటాయి. మూడేళ్లయినా పూయలేదు, ఆకుల్లేకుండా తీగ ఒక్కటే సాగుతోంది, మొగ్గలు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి, నీళ్లు పోస్తున్నా కుళ్లిపోయింది. ఈ ఫిర్యాదుల వెనక ఉన్న కారణం ఒకటే. కుండీలో ఉన్నది నేల మీద పుట్టిన మొక్క కాదు. తడి దీవుల్లో చెట్ల కొమ్మల మీద బతకడానికి అలవాటుపడ్డ తీగ. ఫిలిప్పీన్స్‌లో మాత్రమే సహజంగా పెరిగే హోయా ప్యూబికేలిక్స్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ తీగ ఒంటి నిర్మాణం, పూల పనితీరు, పేర్ల గందరగోళం, ధరల వెనక ఉన్న లెక్క ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

## ఇంతకీ ఏ మొక్క?

హోయా ప్రజాతిలో, అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపులో, నాలుగైదు వందల జాతులున్నాయని అంచనా. భారత్, దక్షిణ చైనాల దగ్గర మొదలై ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర భాగం, ఫిజీ, సమోవా దాకా ఇవి విస్తరించాయి. ఆకులు దళసరిగా, నున్నగా ఉంటాయి. పూలు మైనంతో పోతపోసినట్టు కనిపిస్తాయి. అందుకే వాక్స్ ప్లాంట్ అన్న పేరు వచ్చింది. మైనపు తీగ అని తెలుగులో రాసేవాళ్లున్నా, నర్సరీకి వెళ్లి హోయా అని అడిగితేనే పని జరుగుతుంది. ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టింది వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్. 1810లో, లండన్ దగ్గర సయన్ హౌస్‌లో నార్తంబర్లాండ్ డ్యూక్ తోటలకు పెద్ద తోటమాలిగా ఉన్న థామస్ హోయ్ గౌరవార్థం పెట్టారు. ఒక తోటమాలి పేరు ఒక ప్రజాతికి నిలిచిపోవడం అరుదే.

ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు. మొదటిది హోయా కార్నోసా. చైనా, తైవాన్, దక్షిణ జపాన్ ప్రాంతాలది. రెండోది హోయా ప్యూబికేలిక్స్. దీన్ని 1918లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఎల్మర్ మెరిల్ శాస్త్రీయంగా వర్ణించారు. ఆ రోజుల్లో ఫిలిప్పీన్స్ అమెరికా పాలనలో ఉండేది. మెరిల్ 1902 నుంచి 1923 దాకా మనీలాలో పనిచేసి ఆ దీవుల వృక్షసంపదకు దాదాపు పునాది వేశారు.

అమ్మకాల్లో ఈ రెండూ తరచూ తారుమారవుతాయి. కార్నోసా అని కొన్న మొక్క పూసేసరికి ప్యూబికేలిక్స్ అని తేలడం మామూలే. తేడా పట్టడం కష్టం కాదు. కార్నోసా ఆకు పొట్టిగా, కాస్త గుండ్రంగా ఉంటుంది. ప్యూబికేలిక్స్ ఆకు పొడుగ్గా, కొస తేలి, ముదురాకుపచ్చ మీద వెండి చుక్కలు చిలకరించినట్టుంటుంది. పూత వచ్చాక అనుమానమే ఉండదు. పువ్వును తిరగేసి చూస్తే రేకుల కింద ఉండే చిన్న రక్షక పత్రాల మీద సన్నటి నూగు కనబడుతుంది. కార్నోసా పూలు ఎక్కువగా లేత గులాబీ తెలుపు. ప్యూబికేలిక్స్‌లో లేత గులాబీ నుంచి నలుపుకు దగ్గరగా వెళ్లే ముదురు ఊదా దాకా ఎన్నో ఛాయలున్నాయి. రాయల్ హవాయియన్ పర్పుల్, పింక్ సిల్వర్, రెడ్ బటన్స్ లాంటి పేర్లతో అమ్మేవన్నీ ఈ ఒక్క జాతిలోని రకాలే. ఆకుల మీది వెండి చుక్కలు తెగులేమో అని టెన్షన్ పడి మందు కొట్టేవాళ్లున్నారు. అవి ఆ మొక్క పుట్టుకతో తెచ్చుకున్నవి.

## కొమ్మ మీద కాపురం

అడవిలో ఈ తీగ మొదలు నేలలో ఉండాలని లేదు. చెట్టు బెరడు పగుళ్లలో, కొమ్మల పంగలో పోగైన ఆకుల చెత్తలో, నాచులో వేళ్లు దించుకుంటుంది. అలాగని బదనిక లాంటి పరాన్నజీవి కాదు. మామిడి చెట్టు మీద పెరిగే బదనిక చెట్టులోకి వేరు దించి దాని రసం తాగుతుంది. హోయా చెట్టును ఎక్కుతుంది, పట్టుకుంటుంది, అంతే. నీళ్లు వానవి, పోషకాలు కుళ్లిన ఆకులవి.

ఈ ఒక్క విషయం నుంచే మిగతావన్నీ పుడతాయి. కొమ్మ మీద వాన పడితే పది నిమిషాల్లో తడిసిపోతుంది, గంటలో ఆరిపోతుంది. వేళ్లకు తడి దొరికినప్పుడల్లా గాలి కూడా దొరుకుతుంది. అలాంటి వేళ్లను నల్లరేగడి కలిసిన మట్టిలోనో, పేడ ఎరువు దట్టించిన కుండీలోనో పెడితే గాలి ఆడక ముందు వేళ్లు చస్తాయి, ఆ తర్వాత శిలీంధ్రాలు చేరతాయి. వేళ్లు పోయిన మొక్క ఆకులు ముడతలు పడతాయి. అది చూసి నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. నీటి కొరత లక్షణం, నీటి ఎక్కువ లక్షణం పైకి ఒకేలా కనబడటమే ఇక్కడ అసలు చిక్కు. కుండీ మట్టిలో వేలు పెట్టి చూడటం తప్ప దీనికి వేరే దారి లేదు. మట్టి తడిగా ఉండి ఆకు ముడత పడిందంటే వేళ్లు పోయినట్టే.

వాన లేని రోజుల కోసం తీగ నీటిని ఆకుల్లో దాచుకుంటుంది. ఆకు దళసరిగా ఉండటానికి కారణం అదే. నీరు బాగా ఉన్న ఆకును మెల్లగా వంచబోతే బిర్రుగా ఎదురు తిరుగుతుంది, దాహం వేసిన ఆకు మెత్తగా వంగుతుంది. అలవాటున్నవాళ్లు క్యాలెండర్ చూసి కాకుండా ఇలా ఆకును వంచి చూసి నీళ్లు పోస్తారు.

నీటి పొదుపులో ఇంకో అంచె ఉంది. చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. ఎండ ఉన్న వేళ రంధ్రాలు తెరిస్తే నీరు ఆవిరైపోతుంది. కార్నోసా సహా పలు హోయాలు కలబంద, కాక్టస్‌ల పద్ధతి పాటిస్తాయి. చల్లబడ్డాక రాత్రి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. పగలు రంధ్రాలు మూసి, ఆ నిల్వనే వెలుతురు సాయంతో చక్కెరగా మార్చుకుంటాయి. నీరు మిగులుతుంది గానీ ఎదుగుదల నెమ్మదిస్తుంది. మనీప్లాంటుతో పోల్చి హోయా పెరగడం లేదని బాధపడటంలో అర్థం లేనిది ఇందుకే.

ఈ పద్ధతిని ఆధారం చేసుకుని ‘రాత్రిపూట ఆక్సిజన్ ఇచ్చే మొక్క’ అని చేసే ప్రచారం మాత్రం సరికాదు. రాత్రి జరిగేది కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడమే. ఆక్సిజన్ విడుదలకు వెలుతురు కావాలి, అది పగలే జరుగుతుంది. గాలి శుద్ధి సంగతీ ఇంతే. 2009లో జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 28 ఇంటి మొక్కల్ని పరీక్షించినప్పుడు గాలిలోని కొన్ని రసాయనాల్ని బాగా తొలగించిన వాటిలో కార్నోసా ఒకటిగా నిలిచింది. ఆ పరీక్ష మూసిన గాజు పాత్రల్లో జరిగింది. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి 2019లో విశ్లేషించినప్పుడు, కిటికీలు తలుపులున్న మామూలు గదిలో ఆ ప్రభావం కనబడాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేలింది. అంత అడవి ఏ హాల్లోనూ పట్టదు.

## ఆకుల్లేని తీగ, వదలని పూకాడ

హోయా కొత్త చిగురు వేసేటప్పుడు ముందు తీగ వస్తుంది, ఆకులు తర్వాత. మూరెడు, ఒక్కోసారి బారెడు పొడవున బోడిగా గాల్లో ఊగుతూ పట్టు కోసం వెతుకుతుంది. అడవిలో దీనికి లాభముంది. కింద నీడలో ఆకులు విప్పి శక్తి వృథా చేసుకోవడం కంటే, పైకొమ్మను అందుకున్నాక వెలుతురులో ఆకులు విప్పడం లాభం. బాల్కనీలో ఆ బోడి తీగ అందంగా లేదని కత్తిరిస్తారు. కత్తిరించిన చోటు దగ్గర కణుపు నుంచి మొక్క మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా ఏడాదికి రెండు మూడు సార్లు కత్తిరింపు పడ్డ తీగకు పూత దశకు చేరేంత ముదురు కాండం మిగలదు.

పూత ఆలస్యానికి ఇంకో కారణం మొక్క వయసు. కటింగ్ నుంచి పెంచిన మొక్క సాధారణంగా రెండు మూడేళ్లకు గానీ పూయదు. వెలుతురు తక్కువైతే అసలే పూయదు, పచ్చగా మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. గది మూలలో ఆకుల కోసం పెట్టే మొక్కల వరసలో దీన్ని కలిపేయడం వల్ల వచ్చే తిప్పలివి. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలే తూర్పు బాల్కనీ దీనికి బాగా సరిపోతుంది.

పూత విషయంలో అందరూ చేసే పొరపాటు పూకాడను తుంచేయడం. గుత్తి వాడాక మందారానికో గులాబీకో చేసినట్టు కాడతో సహా తీసేస్తారు. ప్యూబికేలిక్స్, కార్నోసా లాంటి జాతుల్లో అదే కాడ చివర మళ్లీ మొగ్గలు వస్తాయి. పూసిన ప్రతిసారీ కాడ కొద్దిగా పొడుగవుతుంది. పాత కాడను దగ్గరగా చూస్తే, రాలిన పూల మచ్చలు ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి. ఆ మచ్చల్ని బట్టి మొక్క ఎన్నిసార్లు పూసిందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. కాడ కోస్తే మొక్క కొత్త కాడ వేయాలి, దానికి ఇంకో ఏడాది పట్టొచ్చు.

## జిల్లేడుకు చుట్టం

తెలుగు పాఠకులకు హోయా పువ్వు అర్థం కావాలంటే ఫిలిప్పీన్స్ దాకా వెళ్లనక్కర్లేదు, రోడ్డు పక్క జిల్లేడు చాలు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు, సుగంధిపాల కూడా ఆ కుటుంబంలోవే. మధుమేహానికి వాడే పొడపత్రి అయితే హోయాకు ఇంకా దగ్గరి బంధువు. తుంచితే పాలు కారడం వీటిలో చాలావాటికి ఉమ్మడి లక్షణం. కార్నోసా జాతిని 18వ శతాబ్దం చివర్లో కార్ల్ లిన్నేయస్ కొడుకు వర్ణించినప్పుడు జిల్లేడుకు దగ్గరదైన ఆస్క్లెపియాస్ ప్రజాతిలోనే చేర్చారు. హోయా వేరు కుంపటి పెట్టుకున్నది ఆ తర్వాతే.

హోయా పువ్వును భూతద్దంతో చూస్తే రెండు నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుంటుంది. కింద ఉన్న పెద్ద నక్షత్రం అయిదు రేకులు, పైన మఖమలు లాంటి నూగు. మీద ఉన్న చిన్న నక్షత్రం మెరుస్తూ గట్టిగా ఉంటుంది. జిల్లేడు పువ్వు నడుమ కిరీటంలా లేచే భాగం ఇదే. ప్యూబికేలిక్స్ గుత్తిలో ఇలాంటి పూలు ఇరవై ముప్పై దాకా బంతిలా కూడుకుంటాయి. ఒక్కోదానిలో మకరందం ఊరి బొట్టుగా నిలుస్తుంది. గుత్తి కింద తెల్లటి సోఫా ఉంటే ఆ బొట్లు మరకలుగా తేలడానికి రెండు రోజులు చాలు.

మామూలు పూలలో పుప్పొడి పొడిగా ఉంటుంది. గాలికి రాలుతుంది, తేనెటీగ ఒంటికి అంటుతుంది. హోయా, జిల్లేడు పూలలో పుప్పొడంతా మైనపు ముద్దగా గట్టిపడి ఉంటుంది. రెండేసి ముద్దలు చెరో చిన్న కాడతో నడుమ ఒక నల్లటి క్లిప్పుకు తగిలించి ఉంటాయి. కిరీటం కొనల మధ్య సన్నటి చీలికలుంటాయి. మకరందం కోసం వాలిన పురుగు కాలు జారి ఆ చీలికలో పడుతుంది. పైకి లాక్కునే సరికి చీలిక చివర ఉన్న క్లిప్పు కాలికి పట్టేస్తుంది. పురుగు రెండు ముద్దలతో ఎగిరిపోతుంది. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు అదే తరహా చీలికలో ముద్ద ఇరుక్కుని తెగిపోతే పరాగ సంపర్కం పూర్తవుతుంది. బలహీనమైన పురుగైతే కాలు లాక్కోలేక అక్కడే చిక్కుకుపోతుంది. జిల్లేడుకు ఈ పని చేసేవి పెద్ద తుమ్మెదలు. హోయా సంగతి జాతిని బట్టి మారుతుంది. జపాన్‌కు చెందిన అమామి ఓషిమా దీవిలో కార్నోసా పూలను గమనించిన పరిశోధకులు, పుప్పొడి ముద్దలు ఒక పెద్ద రాత్రి చిమ్మట కాళ్లకు అంటి వెళ్తున్నాయని 2017లో ప్రచురించారు. ఇంట్లో ఈ పూల వాసన పొద్దుగూకాక గుప్పుమనడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. పువ్వు పిలుస్తున్నది రాత్రి తిరిగే పురుగుల్ని.

ఫ్లాటులో పూసిన హోయాకు కాయలు రాకపోవడం కూడా దీనివల్లే. గాలి ఈ ముద్దల్ని కదిలించలేదు, కాలు బలమున్న పురుగు అయిదో అంతస్తుకు రాదు. అడవిలో కాయ కాస్తే జిల్లేడు కాయలాగే పగిలి, దూదిపింజ తగిలించుకున్న గింజలు గాలికి తేలిపోతాయి.

పాలు కారే మొక్క కదా, ఇంట్లో ప్రమాదమా అన్నది ఇంకో ప్రశ్న. గన్నేరు, జిల్లేడు విషపూరితాలే. అయితే కుటుంబమంతటినీ ఒకే గాటన కట్టలేం. అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ కార్నోసాను పిల్లులు, కుక్కలకు విషం కాని మొక్కల జాబితాలో పెట్టింది. పాలు చర్మానికి అంటితే కొందరికి దురద రావొచ్చు కాబట్టి కత్తిరించాక చేతులు కడుక్కుంటే చాలు. పాలుకారే చెట్టు ఇంట్లో ఉండకూడదన్న వాస్తు మాట ఎవరి నమ్మకం వాళ్లది, వృక్షశాస్త్రానికి దానితో పేచీ లేదు.

## దీవులు జాతుల్ని ఎలా పెంచాయి

ఫిలిప్పీన్స్‌లో 7,641 దీవులున్నాయి. హోయా జాతులు వందకు పైనే. బోర్నియో, న్యూగినీ కూడా ఇదే కోవలోవి. మన దేశంలో పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో సహజంగా పెరిగే హోయాలున్నాయి గానీ ఇంత వైవిధ్యం లేదు. దీవుల్లోనే ఎందుకింత?

ఒక కారణం సముద్ర మట్టం. సుమారు 20,000 ఏళ్ల కిందట, చివరి మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. బోర్నియో, సుమత్రా, జావాలు ఆసియా ఖండంతో కలిసిపోయాయి. ఫిలిప్పీన్స్‌లో మాత్రం చాలా భాగం ఖండంతో కలవలేదు. దీవులు గుంపులు గుంపులుగా దగ్గరయ్యాయి. లూజాన్ దాని పక్క దీవులతో కలిసి ఒక పెద్ద దీవి. మిందనావో, లేతె, సమార్, బొహోల్ కలిసి ఇంకొకటి. నెగ్రోస్, పనాయ్, సెబు కలిసి మరొకటి. మంచు కరిగి నీరు పెరిగినప్పుడు మళ్లీ విడిపోయాయి. ఈ కలవడం విడిపోవడం లక్షల ఏళ్లలో ఎన్నోసార్లు జరిగింది.

దూదిపింజ గింజ సన్నటి జలసంధిని దాటగలదు, అది కూడా ఎప్పుడో ఒకసారి. అవతలి దీవిలో దిగిన నాలుగు మొక్కలు పాత బంధువులతో సంపర్కం తెగి వేరుదారి పడతాయి. అక్కడ వేరే పురుగులుంటాయి. చీలిక వెడల్పు, కిరీటం ఆకారం, వాసన కొద్దిగా మారినా వచ్చే పురుగు మారిపోతుంది. పురుగు మారితే రెండు గుంపుల మధ్య సంకరం ఆగిపోతుంది. తాళం ఒకటి, తాళం చెవి ఒకటి అన్నట్టున్న ఈ పూల నిర్మాణమే కొత్త జాతులు త్వరగా విడిపోవడానికి దోహదం చేసిందని చెప్పడం సబబు.

చీమల పాత్రను కూడా చెప్పుకోవాలి. ఫిలిప్పీన్స్, సులవేసి దీవుల్లో పెరిగే హోయా ఇంబ్రికాటా ఆకులు గుండ్రంగా, బోర్లించిన గిన్నెల్లా చెట్టు బెరడుకు అతుక్కుని ఉంటాయి. ఆ గిన్నెల కింద చీమలు కాపురం పెడతాయి. వాటి చెత్త, విసర్జితాలు మొక్క వేళ్లకు ఎరువు. నేల దొరకని చోట ఎరువు సంపాదించుకునే తెలివి ఇది. బాల్కనీలో హోయా మీద చీమలు కనబడితే మాత్రం మురిసిపోనక్కర్లేదు. చాలాసార్లు అవి పిండినల్లి విసర్జించే తీపి కోసం వచ్చినవై ఉంటాయి, ఆకు మొదట్లో తెల్లటి దూది లాంటిది ఉందేమో చూడాలి.

## తగలబడ్డ నమూనాలు, చిక్కుపడ్డ పేర్లు

ఒకే మొక్క నాలుగు పేర్లతో అమ్ముడుపోవడానికి వ్యాపారుల అజాగ్రత్త ఒక్కటే కారణం కాదు. ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఎంచుకున్న ఎండుమొక్కను నమూనాగా హెర్బేరియంలో, అంటే ఎండుమొక్కల భాండాగారంలో, భద్రపరుస్తారు. తర్వాత ఎవరికి సందేహం వచ్చినా ఆ నమూనాతో పోల్చుకోవాలి. మెరిల్, ఆయన సహచరులు సేకరించినవన్నీ మనీలాలోని బ్యూరో ఆఫ్ సైన్స్‌లో ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో మనీలా కోసం జరిగిన పోరాటంలో ఆ హెర్బేరియం నాశనమైంది. మెరిల్ ముందుచూపుతో నకళ్లను అమెరికా, ఐరోపా సంస్థలకు పంపి ఉండటం వల్ల కొంత మిగిలింది. ఆ తర్వాత పేర్లు సరిచూడాలంటే ఖండాలు దాటి నకళ్లు వెతకాల్సి వచ్చింది.

ఎండబెట్టిన హోయా పువ్వు సమస్యకు సమస్య తోడు చేస్తుంది. మందపాటి మైనపు కిరీటం ఎండితే ముడుచుకుని నల్లబడుతుంది, ఆకారం, రంగు రెండూ పోతాయి. జాతుల్ని వేరు చేసే గుర్తులు అక్కడే ఉంటాయి కాబట్టి, ఎండు నమూనా మీద మాత్రమే ఆధారపడ్డ వర్ణనలు తడబడ్డాయి. ఇటీవలి దశాబ్దాల్లో సజీవ మొక్కల్ని పెంచి, పూసినప్పుడు కొలతలు తీసి వర్ణించే పద్ధతి బలపడింది. అమెరికాకు చెందిన డేల్ క్లోపెన్‌బర్గ్ లాంటివాళ్లు ఫిలిప్పీన్స్ హోయాల్ని అలా చాలానే వర్ణించారు. వాటిలో కొన్ని పేర్లను తర్వాతి పరిశోధకులు పాతవాటిలో కలిపేశారు కూడా. కాబట్టి నర్సరీ చీటీ మీద పేరు మారిందంటే ప్రతిసారీ మోసమని అర్థం కాదు.

## లూజాన్ వాతావరణం, హైదరాబాద్ వేసవి

కొండ పట్టణం బాగియోను వదిలేస్తే ఫిలిప్పీన్స్ సగటు ఉష్ణోగ్రత 26.6 డిగ్రీలు. జనవరిలో 25.5, మే నెలలో 28.3. అంటే చలికి వేసవికి మధ్య సగటు తేడా మూడు డిగ్రీల లోపే. గాలిలో తేమ నెలసరి సగటున 71 నుంచి 85 శాతం మధ్య ఉంటుంది.

హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం, గాలి ఎండిపోవడం తెలిసిందే. ఏప్రిల్‌లో కట్టిన మొగ్గలు బఠాణీ గింజంత కాకముందే రాలిపోవడానికి కారణం ఎక్కువగా ఈ పొడి వేడి. నీటి కొరత వస్తే మొక్క ముందు వదులుకునేది పూలనే, ఆకుల్ని కాదు. మొగ్గ దశలో కుండీని అటూ ఇటూ మార్చినా, వేళ్లు ఒక్కసారి పూర్తిగా ఎండినా ఇదే జరుగుతుంది. కోస్తాలో చిక్కు వేరు. కడియం, కాకినాడ, విశాఖ వైపు తేమకు కొదవ లేదు, వానాకాలం కుండీ ఆరకపోవడమే అక్కడి గండం. ఒకే మొక్కకు హైదరాబాద్‌లో పనికొచ్చిన సలహా విశాఖలో చెడగొట్టొచ్చు. వీడియోలు చూసి నీళ్లు పోసేవాళ్లు ఆ వీడియో ఏ ఊళ్లో తీసిందో చూడరు.

మిశ్రమం సంగతి చూస్తే కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలు, కొద్దిగా వర్మీకంపోస్ట్ కలిపినది రెండు చోట్లా పనిచేస్తుంది. నిష్పత్తి మాత్రం మారాలి. పొడి ఊళ్లో పీచు ఎక్కువ, తడి ఊళ్లో బొగ్గు, పెర్లైట్ ఎక్కువ. కుండీ చిన్నదైతేనే మేలు. పెద్ద కుండీలో వేళ్లు అందుకోలేని తడి నిలిచిపోతుంది.

## ఒంటి ఆకు గుండె

ప్రేమికుల రోజు దగ్గర పడితే చిన్న కుండీలో గుండె ఆకారపు ఆకు ఒక్కటే నాటి అమ్ముతారు. అది ప్యూబికేలిక్స్ కాదు, థాయ్‌లాండ్, లావోస్ వైపు పెరిగే హోయా కెర్రీ. ఆకు వేళ్లు వేస్తుంది, ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది, తీగ మాత్రం రాదు. కొత్త చిగురు పుట్టేది కణుపు దగ్గరున్న మొగ్గ నుంచి. కాండం ముక్క లేకుండా ఆకు ఒక్కటే నాటితే ఆ మొగ్గ ఉండదు. కొనేటప్పుడు ఆకు కాడ కింద కాండం తునక ఉందా లేదా అన్నది చూసుకోవాలి. అమ్మేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పరు, చెప్పాలి.

## ధర వెనక లెక్క

హోయా ధరలు కరోనా కాలంలో ఎగబాకి, తర్వాత చాలా రకాల్లో దిగొచ్చాయి. ఇందులో మిస్టరీ లేదు. కొత్తగా వచ్చిన రకం మొదట కటింగ్‌ల రూపంలోనే పెరుగుతుంది. ఒక తీగ నుంచి రెండు కణుపుల ముక్కలు ఎన్నొస్తాయో అన్నే మొక్కలు, అవి అమ్మదగ్గ సైజుకు రావడానికి నెలలు పడతాయి. నెమ్మదిగా పెరిగే మొక్క కాబట్టి సరఫరా గిరాకీకి వెనకబడుతుంది, ధర లేస్తుంది. కొన్న ప్రతివాళ్లూ ఏడాది తర్వాత తామే కటింగ్‌లు అమ్మే స్థితికి వస్తారు. మొక్క కణజాలం తునకల నుంచి వేల మొక్కల్ని పెంచే టిష్యూ కల్చర్ ల్యాబులు చేయి వేస్తే పతనం ఇంకా వేగం. ప్యూబికేలిక్స్ ఈ చక్రం ఎప్పుడో పూర్తిచేసిన జాతి, కటింగ్ సులువుగా వేళ్లు వేస్తుంది. అందుకే మామూలు రకాలు చవక. దాన్నే కొత్త పేరు తగిలించి అరుదైన రకంగా అమ్మితే ఆ ధర పేరుకే తప్ప మొక్కకు కాదు. కటింగ్‌తో పెంచినవన్నీ తల్లి మొక్కకు నకళ్లే కనుక, పువ్వు ముదురు ఊదాగా వస్తుందా లేత గులాబీగా వస్తుందా అన్నది తల్లి మొక్కను బట్టే తేలుతుంది.

అడవి వైపు చూస్తే లెక్క వేరుగా ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో ఫిలిప్పీన్స్ నేలలో సుమారు 70 శాతం అడవి ఉండేదని చెబుతారు, ఇప్పుడు దాదాపు నాలుగో వంతు. చెట్టు మీద బతికే తీగకు చెట్టు పోతే ఇల్లు పోయినట్టే. 2020లో లాక్‌డౌన్ వేళ అక్కడ ఇంటి మొక్కల వెర్రి పెరిగి, అడవుల నుంచి మొక్కల్ని పీకి అమ్మడం ఎక్కువైంది. ఆ దేశ పర్యావరణ శాఖ అప్పట్లో హెచ్చరికలు చేసింది. 2001 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, అంటే రిపబ్లిక్ యాక్ట్ 9147, అనుమతి లేకుండా అడవి మొక్కల్ని సేకరించడాన్ని, అమ్మడాన్ని శిక్షార్హం చేస్తుంది.

అంతర్జాతీయంగా మాత్రం కంచె బలహీనం. ఇదే కుటుంబానికి చెందిన సర్పగంధి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైట్స్ రెండో అనుబంధంలో ఉంది. హోయా ప్రజాతి ఆ అనుబంధాల్లో లేదు. ఏ జాతికి ఎంత ముప్పుందో తేల్చే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ చాలా హోయా జాతుల్ని ఇంకా అంచనా కూడా వేయలేదు. ఇలాంటప్పుడు ఒక దీవిలో ఒక లోయకే పరిమితమైన జాతి తగ్గిపోతున్నా అధికారిక పత్రాల్లో అది కనబడదు. విత్తనాల నుంచి, కటింగ్‌ల నుంచి నర్సరీలో పెంచినవి అమ్మితే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందన్న వాదనలో నిజముంది. అయితే ఆ నర్సరీకి మొదటి తీగ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

భారత్‌కు తెప్పించుకునేవాళ్లకు వర్తించేది 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు. ముందుగా దిగుమతి అనుమతి, మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవని పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ ఉండాలి. కొరియర్‌లో ‘గిఫ్ట్’ అని రాసి పంపే కటింగ్‌లకు ఈ రెండూ ఉండవు. కొత్త పిండినల్లి రకాలు, వైరస్‌లు దేశంలోకి వచ్చే దారుల్లో అదొకటి. ‘ఇంపోర్టెడ్’ అన్న మాటకు అదనంగా డబ్బు కట్టే ముందు ఆ కాగితాలు చూపించమని అడగొచ్చు. ఇక్కడే పెంచిన మొక్కకైతే వాటి అవసరం లేదు. ఏ తల్లి మొక్క నుంచి కత్తిరించారు, అది పూసినప్పటి ఫొటో ఉందా అని అడిగితే, పేరు మీద ఉన్న సందేహం అక్కడే చాలావరకు తీరిపోతుంది.